బొమ్మ ముందు నిలబడ్డాక ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద ఊళ్లకు వెళ్లిన మన పిల్లలవి, లేదంటే ఇక్కడ వాళ్ల కోసం బెంగపడుతున్న అమ్మానాన్నలవి. బరంపురం, పర్లాకిమిడి, ఛత్రపూర్, గుణుపూరు నుంచి రాశారు, అటు మహారాష్ట్ర వైపు బల్లార్‌పూర్ నుంచి కూడా ఒకరు రాశారు. అద్దెలు, ఉద్యోగాలు, తిండి ఇబ్బందుల గురించి కాకుండా ఇంతమంది బొమ్మల గురించి, గ్యాలరీల గురించి అడగడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టుకుందాం, ఈసారి వీటికే జవాబులు.

“అక్కా, మాది బరంపురం. మా ఇంట్లో తాతల నాటి నుంచీ పట్టు మగ్గమే ఆధారం. నేను ఇంజినీరింగ్ చదివి ముంబైలో ఉద్యోగంలో చేరాను, థానేలో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం, ఒకడిది కేరళ, ఒకడిది బీహార్, ఇంకొకడిది నాగపూర్. మొన్న ఆఫీసు వాళ్లతో కలిసి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. ఒక పెద్ద కాన్వాస్, దాని నిండా బూడిద రంగు, మధ్యలో ఏవో మచ్చలు. అందరూ తల ఊపుతూ ఏదేదో మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎవరైనా నీకేమనిపించింది అని అడుగుతారేమోనని ఒకటే టెన్షన్. కానీ మళ్లీ వెళ్లి చూడాలని మాత్రం ఉంది. దీనికి ముందు ఏమైనా చదవాలా? ఒక్కడినే వెళ్తే రానిస్తారా? టికెట్ ఎంత?” – ఒక తమ్ముడు, థానే

చివరి రెండు ప్రశ్నలకు ముందు జవాబు చెబుతాను తమ్ముడూ, మనవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేసేవి అవే కాబట్టి. జహంగీర్‌లో టికెట్ లేదు. ఎవరైనా వెళ్లొచ్చు, ఒక్కడివే వెళ్లొచ్చు, ఎంతసేపైనా ఉండొచ్చు. ఆ పక్కనే రోడ్డుకు అవతల ఉన్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చిన్న టికెట్ ఉంటుంది, సోమవారం సెలవు. ఫోర్ట్, కొలాబా వైపు పాత భవంతుల మేడల మీద ప్రైవేట్ గ్యాలరీలు చాలా ఉన్నాయి, అవి బొమ్మలు అమ్మే చోట్లే అయినా చూడటానికి డబ్బు అడగరు. కొన్నిచోట్ల తలుపు మూసి ఉంటుంది, బెల్ కొట్టాలి. కొడితే తీస్తారు, నువ్వు కొంటావా కొనవా అని ఎవరూ నిలదీయరు. చాలా గ్యాలరీలకు ఆదివారం సెలవు, అందుకే శనివారం మధ్యాహ్నం పెట్టుకో.

ఇక చదవాలా అన్న ప్రశ్న. ముందు చదవనక్కర్లేదు, ముందు చూడాలి. చూశాక నీకే ఏదో తెలుసుకోవాలనిపిస్తుంది, అప్పుడు చదువుకుంటే ఆ చదివింది ఒంటికి పడుతుంది. మీ నాన్నగారు చీర చూసే తీరు గుర్తు తెచ్చుకో. ఒక కొత్త చీర చేతికిస్తే ఆయన దాని అర్థం ఏమిటని అడగరు కదా. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటారు, తిరగేసి వెనక వైపు చూస్తారు, కుంభం అంచు మొనలు ఒకదానికొకటి సరిగ్గా కలిశాయో లేదో వేలితో తడుముతారు, పేక ఎక్కడ వదులైందో చెప్పేస్తారు, ఆ తర్వాతే బాగుందో బాగాలేదో అంటారు. ఆ కన్ను నీకు ఇంట్లోనే వచ్చింది. బూడిద రంగు కాన్వాస్ ముందు కూడా ఆ కన్నుతోనే నిలబడు. ముట్టుకోకూడదు, అదొక్కటే తేడా.

దగ్గరికి వెళ్లి పక్క నుంచి ఏటవాలుగా చూడు, రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ కాన్వాస్ పోగులు కనిపిస్తున్నాయో తెలుస్తుంది. అంచులు చూడు, చాలాసార్లు కింద వేసిన పాత రంగు అంచుల్లో బయటపడుతుంది, బూడిద రంగు కింద ఎరుపో పసుపో ఉందని అప్పుడు తెలిసి ఆశ్చర్యపోతావు. తర్వాత వెనక్కి వచ్చి హాలు మధ్యలో నిలబడు. నీ కన్ను ముందు ఎటు పోయింది, అక్కడి నుంచి ఎటు జారింది, ఎక్కడ ఆగింది? మచ్చలని రాశావే, అవి పైకి తేలుతున్నట్టున్నాయా, లోపలికి మునుగుతున్నట్టున్నాయా? ఇంత చూసేసరికి అయిదు నిమిషాలు గడుస్తాయి. నా లెక్కలో ఒక బొమ్మను చూడటమంటే అది. గదిలో నలభై బొమ్మలుంటే నలభై ముందూ నిలబడాల్సిన పని లేదు, ఒక చుట్టు తిరిగి నీ కాళ్లు ఎక్కడ ఆగుతాయో ఆ రెండు మూడింటి దగ్గరే ఉండిపో.

ఇలాంటి బొమ్మలు వేసిన మనిషి ఒకరి గురించి చెబుతాను. వి.ఎస్. గాయ్‌తొండే 1924లో నాగపూర్‌లో పుట్టారు (మీ ఫ్లాట్‌లో నాగపూర్ కుర్రాడికి చెప్పు, తెగ సంబరపడతాడు), ముంబైలోనే జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. రోలర్‌తో రంగు పరిచేవారు, ఆరనిచ్చేవారు, నైఫ్‌తో గీకి తీసేవారు, మళ్లీ పరిచేవారు. ఏడాదికి ఆయన పూర్తి చేసిన బొమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత నిదానంగా చేసిన పనిని పది సెకన్లు చూసి ఏమీ లేదనుకుని వెళ్లిపోతే నష్టం మనకే.

జహంగీర్‌లో ఇంకో సదుపాయం ఉంది. అక్కడి హాళ్లను చిత్రకారులు సాధారణంగా ఒక వారానికి తీసుకుని తమ బొమ్మలు పెట్టుకుంటారు, అందుకని చాలాసార్లు బొమ్మ వేసిన మనిషే ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంటారు. వెళ్లి అడుగు. దీని అర్థమేంటి అని అడిగితే చాలామంది ఇబ్బంది పడతారు, ఇది ఎలా చేశారు, ముందు ఏ రంగు వేశారు అని అడిగితే మాత్రం లేచి నిలబడి మరీ చెబుతారు. పని చేసే మనిషిని పని గురించి అడిగితే ఎవరైనా అంతే. బయట ఫుట్‌పాత్ మీద కూడా చిత్రకారులు బొమ్మలు పెట్టి అమ్ముతుంటారు, నిన్ను కూర్చోబెట్టి నీ బొమ్మ గీసిచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్ల దగ్గరా ఆగు.

నీలాంటివాళ్లకు ఆ చోటు పరాయిది కాదని చెప్పడానికి ఒక్క మనిషి పేరు చాలు. కె.హెచ్. ఆరా, 1914లో సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో పుట్టారు, చిన్నపిల్లాడిగా ఉండగానే ఇల్లు వదిలి బొంబాయి పారిపోయి ఇళ్లలో పనిచేశారు, కార్లు తుడిచారు. ఆయనే 1947లో సూజా, రజా, హుస్సేన్, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టినవాళ్లలో ఒకరు. హుస్సేన్ అప్పటికి ఆ ఊళ్లోనే సినిమా హోర్డింగులు వేసిన మనిషి. ఇంకా వెనక్కి వెళ్తే మన రాజమండ్రి దామెర్ల రామారావు, ఆ తర్వాత కరీంనగర్ వైపు నుంచి పి.టి. రెడ్డి, ఇద్దరూ జె.జె.లో చదువుకున్నవాళ్లే. అసలు కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు తెలుగు దేశం నుంచి కూలి పనికి వెళ్లిన కామాటీల వల్ల వచ్చిందే. ముంబై కట్టడంలో మనవాళ్ల చేతులున్నాయి తమ్ముడూ, అక్కడి గోడల మీద ఉన్నవి చూసే హక్కు నీకు లేదని ఎవరంటారు?

రోజూ నువ్వు చూసే ముంబైయే బొమ్మల్లో ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే సుధీర్ పట్వర్ధన్ పేరు గుర్తుపెట్టుకో. ఆయన మీ థానేలోనే దశాబ్దాల పాటు రేడియాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేశారు, పగలు ఎక్స్‌రేలు చూస్తూ మిగతా వేళ బొమ్మలు వేశారు. లోకల్ రైలు, ఇరానీ హోటల్, కూలీలు, మిల్లులు పడగొట్టి మేడలు లేపుతున్న లోయర్ పరేల్, ఇవన్నీ ఆయన కాన్వాసుల మీదికి వచ్చాయి. ఘాట్కోపర్‌లో పుట్టిన అతుల్ డోడియా అయితే దుకాణాలకుండే రోలింగ్ షట్టర్ మీదే బొమ్మ వేసి, షట్టర్ ఎత్తితే వెనక ఇంకో బొమ్మ కనిపించేలా పెట్టారు. ఇలాంటివి చూశాక పొద్దున్నే దుకాణాల షట్టర్లు ఎత్తే వీధిలో నడుస్తుంటే నీ చూపే మారిపోతుంది, అది మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

వెళ్లే దారి కూడా చెబుతాను, ఎందుకంటే గ్యాలరీకి కారులో వెళ్లి కారులో వచ్చేస్తే సగం పోయినట్టే. థానే నుంచి లోకల్ ఎక్కి సీఎస్‌ఎంటీలో దిగు, బరంపురంలో కోణార్క్ ఎక్కి నువ్వు మొదటిసారి దిగిన స్టేషనే. అక్కడి నుంచి డి.ఎన్. రోడ్ కమానుల కింద నడు, ఫుట్‌పాత్ మీద వాచీలు, బెల్టులు, పాత పుస్తకాలు దాటుకుంటూ ఫ్లోరా ఫౌంటెన్ మీదుగా కాలా ఘోడాకు ఇరవై నిమిషాలు. అక్కడ నాలుగడుగుల్లో 1952లో ఒక పార్సీ కుటుంబం ఇచ్చిన డబ్బుతో తెరిచిన జహంగీర్ గ్యాలరీ, బాగ్దాద్ నుంచి వచ్చిన యూదుల పేరున్న డేవిడ్ ససూన్ లైబ్రరీ, ఆ పక్క సందులోనే యూదుల నీలి రంగు ప్రార్థనా మందిరం కనిపిస్తాయి. ఫిబ్రవరి ప్రాంతంలో అక్కడే కాలా ఘోడా ఆర్ట్స్ ఫెస్టివల్ జరుగుతుంది, 1999లో మొదలైంది. ఆ రోజుల్లో జనం విపరీతం, బొమ్మ చూడటం కంటే ఫోటో తీసుకోవడమే ఎక్కువ, కానీ మీ నలుగురూ కలిసి వెళ్లడానికి అదే మంచి సమయం. ఒకే బొమ్మ ముందు కేరళ కుర్రాడికి ఒకటి తోస్తుంది, బీహార్ కుర్రాడికి ఇంకొకటి తోస్తుంది, ఆ రాత్రి వంట చేసుకుంటూ మీరు వాదించుకునేది నాకు ఇప్పుడే వినిపిస్తోంది. ఠాకురాణి జాతర వచ్చినప్పుడు వాళ్లను బరంపురం తీసుకురా, ఆ వేషాలు చూపించు, అప్పుడు చెప్పే వంతు నీది అవుతుంది.

“మేడమ్, గీతలు గీసిన బొమ్మ కోట్లకు అమ్ముడుపోయిందని పేపర్లో చదివాను. ఇది మోసం కాకపోతే ఏమిటి?” – రిటైర్డ్ టీచర్, ఛత్రపూర్

మాస్టారూ, ధర వేరు, బొమ్మ వేరు. పైన చెప్పిన గాయ్‌తొండే 1995లో వేసిన ఒక బొమ్మ 2015లో ముంబై వేలంలో 29 కోట్లు దాటింది, అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. హుస్సేన్ 1954లో వేసిన ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్‌లో 118 కోట్లు దాటింది. దాన్ని ఆ రోజుల్లోనే నార్వేలో ఉండే ఒక డాక్టర్ కొనుక్కుని ఓస్లో ఆసుపత్రికి ఇచ్చేశారు, దశాబ్దాల పాటు అక్కడ ఉండిపోయింది. కొద్దిగానే దొరికే వస్తువు కోసం డబ్బున్నవాళ్లు పోటీ పడితే ధర అలా పెరుగుతుంది, భూమి ధరల్లో మీరు చూస్తున్నదే. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఆ కోట్లు అమ్మినవాడికి పోతాయి కానీ వేసినవాడికి కాదు. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ప్రకారం పది వేలకు మించి మళ్లీ అమ్ముడుపోయిన బొమ్మలో చిత్రకారుడికో వారసులకో పది శాతం మించకుండా వాటా రావాలి, అది కాగితం మీద ఉన్నంత గట్టిగా బయట అమలు కావడం లేదు. అడగాల్సింది అది అని నా అభిప్రాయం. మీరు మాత్రం ధర చూడకుండా బొమ్మ చూడండి, బొమ్మ పక్కన గోడకు అంటించే చీటీ మీద మామూలుగా ధర వేయరు కూడా.

“అమ్మాయ్, నాకు అరవై దాటాయి. పర్లాకిమిడిలో సొంత ఇల్లు, పెరడు. మనవణ్ని చూసుకోవడానికి ములుండ్‌లో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నాను. నాకు తెలుగు, ఒడియా వచ్చు, హిందీ రాదు, మరాఠీ అసలే రాదు. పక్కింటి వాళ్లు గుజరాతీలు, ఎదురింటి వాళ్లు మలయాళీలు, నవ్వి ఊరుకోవడం తప్ప మాటలు లేవు. కోడలు మంచిదే, ఆదివారం ఆర్ట్ మ్యూజియంకి రండత్తయ్యా అంటుంది. నాకేం తెలుస్తుందని రావాలి? ఇంట్లో ఉంటే పొద్దు పోదు.” – ములుండ్ నుంచి ఒక నానమ్మ

పిన్నిగారూ, కోడలు రమ్మంటోంది కదా, వెళ్లండి. అందరు కోడళ్లూ పిలవరు.

మీకు అన్నిటికంటే అనువైనది బైకల్లాలో ఉన్న భావు దాజీ లాడ్ మ్యూజియం, ములుండ్ నుంచి మారకుండా ఒకే రైలు, రాణీబాగ్ జంతుప్రదర్శనశాల గేటు పక్కనే ఉంటుంది కాబట్టి మనవడు పేచీ పెట్టడు. బుధవారం మాత్రం సెలవు. 1872లో జనానికి తెరిచిన భవనం అది, పాడైపోతే బాగు చేసి 2008లో మళ్లీ తెరిచారు. మేడ మీద మట్టితో చేసిన చిన్న చిన్న మనుషుల బొమ్మలుంటాయి, ఆనాటి బొంబాయిలో ఎవరెవరు ఏ తలపాగా కట్టేవారు, ఏ పని చేసేవారు అన్నీ అందులో కనిపిస్తాయి. అక్కడ మీరు చదవాల్సిందేమీ లేదు, చూస్తే చాలు. ఆ పాత అద్దాల బీరువాల పక్కనే ఇప్పటి చిత్రకారుల పనులు కూడా పెడుతుంటారు, అదే ఆ మ్యూజియం ప్రత్యేకత. కొత్తది వింతగా అనిపిస్తే పక్కకు తిరిగి పాతది చూడండి, మళ్లీ కొత్తదాని వైపు రండి. తోటలో ఎలిఫెంటా దీవి నుంచి తెచ్చిన రాతి ఏనుగు ఉంటుంది. కాలా ఘోడాకు ఆ పేరు తెచ్చిన నల్ల గుర్రం విగ్రహం, దాని మీద కూర్చున్న ఏడో ఎడ్వర్డ్ రాజుగారితో సహా, ఇప్పుడు ఉన్నది ఇక్కడే. 1965లో దాన్ని కాలా ఘోడా నుంచి తీసేశారు. దాని అసలు చోట 2017లో రౌతు లేని గుర్రాన్ని నిలబెట్టారు. మనవడికి రెండూ చూపించి ఈ కథ చెప్పండి, కోడలికి తెలియనిది మీరు చెప్పినట్టూ ఉంటుంది.

నాకేం తెలుస్తుంది అన్నారు. పర్లాకిమిడిలో కొమ్ముతో నెమళ్లు, కొంగలు చేసే పనివాళ్లను చూస్తూ పెరిగిన మీకు తెలియకపోవడమేమిటి? ఏ మెడ వంపు సరిగ్గా వచ్చింది, ఏది బిగుసుకుపోయింది అని మీరు ఒక్క చూపులో చెప్పగలరు. అక్కడా అదే చేయండి, పైకి చెప్పండి, తెలుగులోనే చెప్పండి.

మాటల సంగతికి వస్తే, హిందీ పుస్తకం పెట్టుకుని నేర్చుకోకండి. రోజూ ఒకే కూరగాయల బండి దగ్గరికి వెళ్లండి, వంకాయ చూపిస్తే వాళ్లే పేరు చెబుతారు, పదిహేను రోజులకు బేరమాడేంత మాట వచ్చేస్తుంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక కోడలితో కలిసి లోకల్‌లో ఆడవాళ్ల పెట్టె ఎక్కండి. పిన్నులు, క్లిప్పులు, గాజులు అమ్మేవాళ్లు అందులోకే వస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్లే ఆడవాళ్లు ఒళ్లో కవర్ పెట్టుకుని మెంతికూర ఒలుచుకుంటూ కూర్చుంటారు, కొత్తవాళ్ల చేతిలో కూడా ఒక కట్ట పెట్టేసే చనువు అక్కడుంది. నేను ఆ ఊళ్లో ఉన్న రోజుల్లో సగం మరాఠీ ఆ పెట్టెలోనే పట్టుబడింది. మాటుంగాలో దిగితే పూలు, అరిటాకులు, కరివేపాకు, ఫిల్టర్ కాఫీ, అంతా మన వైపు సందడే. మీ ఎదురింటి మలయాళీ ఆవిడ కూడా అక్కడికే వెళ్తూ ఉంటారు, వారానికోసారి కలిసి వెళ్లొచ్చేమో అడిగి చూడండి, అలా అడగడానికి పెద్ద భాష అక్కర్లేదు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది, తెలుగు కార్యక్రమాలు జరుగుతుంటాయి, అబ్బాయిని కనుక్కోమనండి. అయితే అక్కడికి మాత్రమే వెళ్లి ఊరుకోవద్దని నా మనవి, పర్లాకిమిడిలో మీకు తెలుగువాళ్లు ఎలాగూ ఉన్నారు.

“అక్కా, మా చెల్లి చదువు కోసం లండన్ వెళ్తోంది. డబ్బు ఖర్చు కాకుండా వారాంతంలో ఏం చూడొచ్చు?” – బరంపురం

చాలా చూడొచ్చు, ఆ విషయంలో లండన్ దయగల ఊరు. పాత కరెంటు ఫ్యాక్టరీని మార్చి 2000లో తెరిచిన టేట్ మోడర్న్‌లో శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం ఉంటుంది. ఒకప్పుడు టర్బైన్లున్న ఆ పెద్ద హాలు కూడా ఉచితమే. 2023లో ఘానాలో పుట్టిన ఎల్ అనాట్సుయి సీసా మూతలను తీగలతో కుట్టి తెరల్లా వేలాడదీసింది అక్కడే. బ్రిటిష్ మ్యూజియం కూడా ఉచితం, మన అమరావతి శిల్పాలు అక్కడున్నాయి, వాటి ముందు నిలబడితే గర్వం, కోపం రెండూ వస్తాయి, రానివ్వాలి. వైట్‌చాపెల్ గ్యాలరీ చూసి బ్రిక్ లేన్ మీదుగా నడవమను. ఆ వీధిలో ఒక భవనాన్ని 1743లో ఫ్రాన్స్ నుంచి తరలివచ్చిన క్రైస్తవులు చర్చిగా కట్టుకున్నారు, 1898లో యూదుల మందిరమైంది, 1976 నుంచి బంగ్లాదేశీయుల మసీదు. ఎవరు వచ్చి ఎవరు వెళ్లారో ఆ ఒక్క గోడే చెబుతుంది. పప్పు, కారం, చింతపండు ఈస్ట్ హామ్‌లో దొరుకుతాయి, సూట్‌కేసు నింపొద్దని చెప్పు.

“మేడమ్ గారూ, మాది బల్లార్‌పూర్, నేను బొగ్గు గనిలో పనిచేస్తాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఎప్పుడు చూసినా బొమ్మలే. సెలవులకు ముంబై చుట్టాలింటికి వెళ్లి గ్యాలరీలు చూసి వచ్చిన దగ్గర్నుంచి ఆర్ట్ కాలేజీలోనే చేరతానని పట్టుబట్టింది. ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం కాదా?”

అన్నగారూ, మీకు ప్రభాకర్ పాచ్‌పుతే గురించి చెప్పాలి. మీ పక్కనే సాస్తి గ్రామం. 1986లో అక్కడే పుట్టారు, గనుల్లో పనిచేసిన కుటుంబం. ఖైరాగఢ్‌లో, తర్వాత బరోడాలో చదివి, బొగ్గుతోనే గోడల మీద బొమ్మలు గీస్తారు. తలకు బదులు దీపమో యంత్రమో ఉన్న గని కార్మికులు, తవ్వి వదిలేసిన నేల, ఇవే ఆయన బొమ్మలు. 2021లో ఆర్టెస్ ముండి అనే అంతర్జాతీయ బహుమతి అందుకున్న ఆరుగురిలో ఆయన ఒకరు. మీ బట్టలకు రోజూ అంటుకునే ఆ బొగ్గుతోనే ఆయన దేశదేశాల్లో గోడలు నింపారు. మీ అమ్మాయికి ఆయన బొమ్మలు చూపించండి, మీరూ పక్కన కూర్చుని చూడండి, మీకు తెలిసిన పనిని ఆయన సరిగ్గా పట్టుకున్నారో లేదో మీకంటే బాగా ఎవరు చెబుతారు?

ఇది సులువైన దారి అని నేను అబద్ధం చెప్పను. బొమ్మలు అమ్ముకునే బతకగలిగేవాళ్లు కొద్దిమందే, చాలామంది పాఠాలు చెబుతూ, డిజైన్ పని చేస్తూ, యానిమేషన్‌లోనో ప్రింటింగ్‌లోనో ఉంటూ తమ బొమ్మలు వేసుకుంటారు. కానీ కాలేజీ ఫీజు చూసి భయపడకండి, మహారాష్ట్రలో ప్రభుత్వ కళా కళాశాలలు ఉన్నాయి, ముంబై జె.జె. 1857 నాటిది, మీకు దగ్గర్లో నాగపూర్‌లో ప్రభుత్వ చిత్రకళా మహావిద్యాలయం ఉంది. ముందు స్కూల్లో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాయించండి, రాష్ట్ర కళా సంచాలనాలయం నిర్వహిస్తుంది, డ్రాయింగ్ మాస్టారిని అడిగితే ఫారం సంగతి చెబుతారు. ఆ రెండూ అయ్యేసరికి అమ్మాయి సరదా ఏపాటిదో మీకూ తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. పట్టుబట్టిందని కోప్పడకండి.

“నేను గుణుపూరులో డిగ్రీ చదువుతున్నాను. ముంబై, లండన్ వెళ్లే స్తోమత లేదు. మాలాంటివాళ్ల సంగతేంటి?”

ఈ ప్రశ్న వస్తుందని ఎదురు చూశాను. నువ్వు ఉన్న చోటు నుంచే మొదలుపెట్టు. మీ పుట్టాసింగి కొండల మీద లాంజియా సవరల ఇళ్ల లోపలి గోడలకు ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మలు ఉన్నాయి, పెద్దల కోసం, దేవతల కోసం వేసేవి. ఇప్పుడు చాలా తక్కువ ఇళ్లలో మిగిలాయి. అది ఆ ఇంటి దైవస్థానం, ప్రదర్శన కాదు, కాబట్టి తెలిసినవాళ్లతో వెళ్లు, అడిగి చూడు, వద్దంటే ఫోటో తీయకు. చీరల మీద, సంచుల మీద అచ్చు వేసి అమ్మే బొమ్మ ఏ గోడ నుంచి వచ్చిందో చూసినవాడికి ఆ సంచి చూసినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు పుడతాయి.

భువనేశ్వర్ వెళ్లే పని పడితే పాత ఊళ్లో, లింగరాజు గుడి చుట్టుపక్కల సందుల్లో కాసేపు నడు. 2018లో అక్కడ ఆర్ట్ ట్రయల్ పెట్టి వీధుల్లో, పాత ఇళ్లలో ఇప్పటి చిత్రకారుల పనులు చూపించారు. కొచ్చిలో 2012లో మొదలైన బినాలే అనే పెద్ద కళా ప్రదర్శన రెండు మూడేళ్లకోసారి శీతాకాలంలో నెలల తరబడి సాగుతుంది, స్నేహితులు కలిసి స్లీపర్ క్లాసులో వెళ్లి రాగలిగే దూరమే, డబ్బు కూడబెట్టుకుంటే ఒకసారి వెళ్లదగిన చోటు. అంతకంటే ముందు గంజాం జిల్లాలోనే ఖల్లికోట్‌లో ప్రభుత్వ ఆర్ట్ అండ్ క్రాఫ్ట్స్ కాలేజీ ఉంది. విద్యార్థుల ప్రదర్శన ఎప్పుడుంటుందో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లు, నీ వయసువాళ్లే వేసిన బొమ్మలు, నీతో మాట్లాడటానికి వాళ్లకూ తీరిక ఉంటుంది. ఖల్లికోట్‌లో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, రైలు చూసుకుని ఎక్కు.